కాదల్, గాదిలి: పరభాషా ప్రణయంలో తెలుగు మెలకువలు

అనకాపల్లి జిల్లా రావికమతం ప్రాంతపు వాడుకలో ‘గుంట’ అంటే ఆడపిల్ల. అదే మాట తెలంగాణలో ఎకరంలో నలభయ్యో వంతు నేలకు కొలత కాగా, మరికొన్ని చోట్ల వట్టి గొయ్యికి పేరు. ఒకే భాషలో ఒక మాట ఇంత దూరం జరిగినప్పుడు, భాషలే వేరైన ఇద్దరి ప్రణయంలో మాటకూ మనసుకూ నడుమ ఎడం ఇంకెంత ఉంటుందో ఊహించవచ్చు. ఆ ఎడాన్ని అడ్డంకిగా భావించక, రసపోషణకు ఆదరువుగా మలచుకొన్న సంప్రదాయం ఒకటి తెలుగు దృశ్యరచనల్లో కనిపిస్తుంది.

1684 నుంచి 1712 వరకు తంజావూరును ఏలిన మరాఠా రాజు శాహజీ పేర వెలసిన ‘పంచభాషా విలాసం’ దీనికి పాత మచ్చుతునక. పాట, మాట, ఆట కలిసిన యక్షగాన ప్రక్రియకు ఆదరణ దక్కిన ఆ ఆస్థానపు రచనలో వేర్వేరు దేశాల రాజకుమార్తెలు ఎవరి భాషలో వారు మాట్లాడుతూనే కృష్ణుణ్ణి వరిస్తారు కనుక సంస్కృతం, తెలుగు, తమిళం, మరాఠీ, హిందీ ఒకే రంగస్థలం మీద వినిపిస్తాయి. ప్రేమించినంత మాత్రాన ఏ నాయికా తన నుడిని వదులుకోనక్కర లేకపోవడమే ఇందులోని మెలకువ.

దాదాపు మూడు శతాబ్దాల తర్వాత, 1978లో కె. బాలచందర్ దర్శకత్వంలో వచ్చిన ‘మరో చరిత్ర’ ఈ పద్ధతిని, అప్పట్లో రావికమతం కూడా భాగంగా ఉన్న విశాఖపట్నం జిల్లా కడలి ఒడ్డుకు చేర్చింది. తమిళ యువకుడిగా కమల్ హాసన్, తెలుగు యువతిగా సరిత నటించిన ఈ చిత్రంలో, ఆత్రేయ రాసిన ఒక యుగళగీతం నడుమ నాయకుడు తమిళంలో అర్థం అడుగుతూ ఉంటాడు. అడగడమే అక్కడ అనురాగానికి గుర్తు. మరో పాటను సినిమా పేర్లతోనే అల్లారు. భాష రానివాడికి కూడా గోడపత్రికల మీది పేర్లు నోటికి వస్తాయి కాబట్టి, ఎవరో ఎందుకో పెట్టిన ఆ పేర్లే ప్రేమభాషణగా అమరిపోతాయి.

ఇటువంటి ప్రణయానికి భాషలే సమకూర్చిపెట్టిన చమత్కారాలు రెండు విధాలు. ఒకే రూపంతోనో దగ్గరి ధ్వనితోనో వేరు అర్థాలనిచ్చే భిన్నార్థకాలు మొదటివి: తమిళుడి ‘అవసరం’లో ఉన్నది తొందర, తెలుగు యువతి వినేది అక్కర, అతడు లేదనడానికి ‘ఇల్లై’ అంటే ఆమె చెవిలో ఇల్లు మెదులుతుంది. ఒకే మూలం నుంచి పుట్టి వేరుపడిన సజాతీయ పదాలు రెండోవి. ప్రేమను చెప్పే తమిళ ‘కాదల్’ నేటి తెలుగు చెవికి ‘కాదు’లా తగిలినా, ప్రియమైన అనే అర్థంలో పాత తెలుగు కావ్యాలు వాడిన ‘గాదిలి’ దానికి చుట్టమే. కాదన్నట్టు వినిపించిన మాట వెనుక ఔననే బంధుత్వం దాగి ఉండటం ప్రేమికులకు శుభశకునంగా తోస్తే, భాషావేత్తకు అది ద్రావిడ భాషల పూర్వ పరిచయంగా కనిపిస్తుంది.

ఎడబాటులో ఈ చమత్కారాల విలువ పెరుగుతుంది. ఎదురుగా ఉన్నప్పుడు తెలియని మాటకు చూపు, సైగ అర్థం చెబుతాయి. దూరమైనప్పుడు జ్ఞాపకంలో మిగిలే మాట ఒక్కటే ఆ భారమంతా మోయాలి. ‘మరో చరిత్ర’లో ప్రేమికులకు పెద్దలు ఏడాదిపాటు దూరంగా ఉండాలనే షరతు పెట్టడంతో కథ ఆ పరీక్షకే నిలబడుతుంది. మాటలకు ఒకరినొకరు అర్థం అడిగి తెలుసుకొన్న ఆ ఇద్దరితో పాటు ప్రేక్షకుడూ విద్యార్థిగా మారడం ఈ సంప్రదాయపు అసలు ప్రయోజనం. తమిళంలోకి అనువదించకుండా తెలుగులోనే విడుదల చేసిన ఆ చిత్రం మద్రాసులో ఏడాదికి పైగా ఆడింది. కథలో ప్రేమికులకు పెట్టిన గడువును, వారి భాష పూర్తిగా తెలియని ప్రేక్షకులే కలిసి దాటించారు.