కాంట్రా వరుసలో ఒక 'వద్దు'

అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ కాంట్రా నాట్యం గురించి ఎవరు మాట్లాడినా 'సమష్టి' అన్న మాట తప్పకుండా వస్తుంది. ఆ మాటకి ఆధారం ఉంది. ఎదురెదురుగా రెండు పొడవాటి వరుసలు. ఒక్కో జంటా పక్క జంటతో కలిసి కదిలి, 64 తాళపు దెబ్బలు పూర్తయ్యేసరికి మరో జంట ముందుకు చేరుతుంది. పాట అయ్యేలోపు వరుసలో దాదాపు అందరి చేతులూ పట్టుకుంటాం. ఫిడేలు, పియానో వాయించేవాళ్లు ఎదురుగానే ఉంటారు. ఎప్పుడేం చెయ్యాలో 'కాలర్' గట్టిగా చెప్తుంటారు. నేర్చుకుని రానక్కర్లేదు, జంటగా రానక్కర్లేదు. ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి చోటుండే సాయంత్రాలు ఎన్నుంటాయి చెప్పండి?

ఈ సంప్రదాయంలో ఆడవాళ్ల శ్రమ తక్కువేమీ కాదు. న్యూయార్క్ బడుల్లో ఆడపిల్లలకి జానపద నాట్యాలు అందేలా చేసిన ఎలిజబెత్ బర్చెనాల్, 1918లోనే 28 కాంట్రా నాట్యాలతో పుస్తకం తెచ్చింది. అయినా చరిత్ర చెప్పేటప్పుడు రాల్ఫ్ పేజ్, డడ్లీ లాఫ్‌మన్‌ల పేర్లే ముందు వినిపిస్తాయి. ఇది అచ్చంగా తెల్లవాళ్ల పల్లె నాట్యమన్న ముద్ర కూడా నిలవదు. కేకేసి నాట్యం చెప్పే పద్ధతి నల్లజాతి ఫిడేలు వాద్యకారుల నుంచి వచ్చిందని ఫిల్ జేమిసన్ 2015లో వచ్చిన తన పుస్తకంలో వాదించాడు. 'జానపదం' అనగానే మనుషుల పేర్లు చెరిగిపోవడం మనకీ కొత్త కాదు.

నాట్యంలో పాత్రల పేర్లు 'జెంట్స్', 'లేడీస్'. 1980ల చివర్లో గే, లెస్బియన్ బృందాలు వాటిని పక్కనపెట్టి, చేతికి పట్టీ కట్టుకున్నవాళ్లు, కట్టుకోనివాళ్లు అని పిలవడం మొదలుపెట్టాయి. ఇప్పుడు చాలాచోట్ల 'లార్క్', 'రాబిన్' అని పిట్టల పేర్లు. దీన్ని చూసి విసుక్కునేవాళ్లున్నారు. నాకిది చిన్న విషయంగా తోచదు. ఇక్కడ శరీరాన్ని కదిలించేది పిలుపే. పిలుపు మారితే ఎవరు ఎవరి పక్కన నిలబడొచ్చన్నదీ మారుతుంది.

నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకోటి. ఎవరైనా పిలిస్తే కాదనకూడదు, కాదంటే ఆ నాట్యం అయ్యేదాకా కూర్చోవాలి అనే పాత మర్యాద. పేర్లు మారినంత తేలిగ్గా ఇది పోలేదు. 'స్వింగ్'లో ఇద్దరూ దగ్గరగా పట్టుకుని, ఒకరి బరువు ఒకరు ఆపుకుంటూ గిర్రున తిరుగుతారు. కళ్లు తిరక్కుండా ఎదుటి మనిషి కళ్లలోకి చూడమంటారు. నచ్చిన మనిషితో ఎంత హాయో, అదుముకునే చేతితో అంత నరకం. జంటగా వద్దన్న మనిషే వరుసలో మళ్లీ ఎదురవుతాడు కూడా! అందరితో అందరూ అన్న ఆ గొప్ప సూత్రమే అప్పుడు ఆడదాన్ని ఇరికిస్తుంది.

కారణం చెప్పకుండా వద్దనొచ్చని ఇప్పుడు చాలా బృందాలు ప్రకటిస్తున్నాయి. స్వింగ్ బదులు దూరంగా రెండు చేతులు పట్టుకుని తిరిగినా సరే. వరుస చెడదు, సంగీతం ఆగదు. సమయానికి తర్వాతి జంట దగ్గరకి చేరితే చాలు. నిజానికి ఈ వెసులుబాటు నాట్య నిర్మాణంలోనే ఉంది. కొత్తవాళ్లకి మొదట చెప్పే పాఠంలో స్వింగ్‌తో పాటే దీన్నీ నేర్పాలని నేనంటాను.