కలం కంటే ముందు పలక

స్టైలస్ కొనబోయేవాళ్లు షాపులో నిలబడి ఓ గీత గీస్తారు, ఓ పువ్వు వేస్తారు, బాగుందని బిల్లు రాయించేస్తారు. నన్నడిగితే ‘రాజమహేంద్రవరం’ అని రాసి చూడమంటాను. ఒక్కసారి రాస్తే చాలదు. తెర నిండేదాకా, ఇంట్లో నోట్‌బుక్‌లో రాసుకునే వేగంతో రాయాలి. ఆ మాటలో నాలుగు తలకట్లున్నాయి, రెండు సున్నాలున్నాయి, ద కింద రావత్తు ఉంది, హ మీద ఏత్వం ఉంది. ఇంగ్లీషు కలిపిరాతలో మాట పూర్తయ్యేదాకా కలం లేవకపోయినా గడుస్తుంది. మనకలా గడవదు. అక్షరం రాయాలి, చెయ్యెత్తి తలకట్టు పెట్టాలి, కిందికి దిగి ఒత్తివ్వాలి. కలం ఎత్తి దించిన ప్రతిసారీ తెర దాన్ని మళ్లీ పోల్చుకోవాలి. నాసిరకం పెన్నుతో అయితే తలకట్టు ఉత్త చుక్కై కూర్చుంటుంది, లేదా అసలు పడదు. సున్నా మూలలు తేలుతుంది. పెట్టె మీద ఒత్తిడి స్థాయిలు 4,096 అని పెద్దక్షరాలతో వేస్తారు గానీ, తలకట్టు పడుతుందో లేదో ఆ అంకె చెప్పదు.

అయితే అక్షరం దాకా వెళ్లేముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. మా మేనకోడలు అమలాపురంలో ఇంటర్ పిల్లలకి ట్యాబ్ మీద లెక్కలు చెబుతుంది. ట్యాబ్‌తో వచ్చిన పెన్ను రావులపాలెం బస్సులో పోయింది. ఫోన్ చేసి, “మావయ్యా, షాపాయన ఒకటి చూపించి, ‘ఆయ్, ఇది అన్నిటికీ పనిచేస్తుందండి’ అంటున్నాడు, తీసేసుకోనా?” అంది.

“ఆగమ్మా. ముందు సెట్టింగ్స్‌లోకెళ్లి నీ ట్యాబ్ మోడల్ నెంబరు చదువు.”

అన్నిటికీ పనిచేసేది దాదాపుగా ఒకటే రకం, చివర రబ్బరు బుడిపె ఉన్నది. తెర దృష్టిలో అది కలం కాదు, వేలే. అందుకే ఏ ట్యాబ్‌లోనైనా గీత పడుతుంది. అందుకే అరచెయ్యి ఆనినా గీత పడుతుంది. చెయ్యి గాలిలో పెట్టుకుని గంటసేపు లెక్కలు చెప్పడం ఎవరి తరం?

అసలు కలాలకి తెరతో ముందే ఒప్పందం ఉంటుంది. శాంసంగ్ ఎస్ పెన్ జపాన్ కంపెనీ వాకామ్ పద్ధతిలో నడుస్తుంది. తెర వెనకాల పరిచిన తీగల వల నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రాన్ని పెన్నులోని తీగచుట్ట అందుకుని, ఆ శక్తితోనే బదులు పలుకుతుంది. రాయడానికి బ్యాటరీ అక్కర్లేదు. ఎండాకాలం కరెంటు పోయే ఊళ్లలో ఇది చిన్న సుఖం కాదు. కానీ ఆ తీగల వల లేని ట్యాబ్ మీద, అది శాంసంగ్‌దే అయినా సరే, ఎస్ పెన్ ఉత్త పుల్ల. ఐప్యాడ్‌కి ఆపిల్ కంపెనీ పెన్సిలే కొన్నా చిక్కు తీరదు. 2015లో వచ్చిన మొదటి పెన్సిల్, 2018లో వచ్చిన రెండోది ఒకదాని ఐప్యాడ్ మీద ఇంకొకటి పనిచేయదు. 2023లో వచ్చిన టైప్-సి పెన్సిల్ చవక, కానీ దానికి ఒత్తిడి తెలియదు. కాబట్టి డబ్బు తీసేముందు చూడాల్సింది పెన్ను పేరు కాదు, మన ట్యాబ్ మోడల్ నెంబరు.

అది తేలాక చెయ్యి సంగతి. ఇక్కడ నాకు మన రాజమండ్రి పాత విద్యలే దారి చూపిస్తాయి. గౌతమీ గ్రంథాలయంలో తాళపత్ర గ్రంథాలున్నాయి. తాటాకు మీది అక్షరం సిరా గీత కాదు, గాటు. ఇనప ఘంటాన్ని కుడి పిడికిట్లో పట్టి, ఎడం చేత్తో ఆకు పట్టుకుని, ఆ చేతి బొటనవేలు ఘంటానికి ఆనించి నెట్టేవారు. ఆకు కూడా ఘంటం కిందికి జరుగుతూ ఉండేది. గాటు పడ్డాక మసి రుద్దితే అక్షరం పైకి తేలేది. అంటే బరువంతా మూడు వేళ్ల మీద పడలేదు. రెండు చేతులూ పంచుకున్నాయి. ఆకు కూడా మొనని పట్టుకునేది, జారనిచ్చేది కాదు. కాగితమూ అంతే, గరుకుతో కలాన్ని తానే ఆపుతుంది. గాజు ఆపదు. కలాన్ని ఆపే పని వేళ్లు చేయాలి. అందుకే తెర మీద రాసేవాళ్లు తెలియకుండానే పెన్నుని నొక్కిపట్టి బిగుసుకుపోతారు, సాయంత్రానికి బొటనవేలి మొదట్లో లాగుతుంది. చాలామంది పెన్ను బరువని తిట్టుకుంటారు గానీ, నా లెక్కలో సగం తప్పు గాజు నునుపుది. గరుకు పొర ఒకటి తెర మీద అతికించి, పెన్నుకి రబ్బరు తొడుగు వేస్తే ఆ బిగింపు చాలావరకు సడలుతుంది.

పెన్ను లావు సంగతి రత్నం పెన్ను పట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. స్వదేశీ ఉద్యమం రోజుల్లో, 1932లో, కె.వి.రత్నంగారు రాజమండ్రిలో మొదలుపెట్టిన పని అది. ఆ పెన్ను అందుకుని 1935లో గాంధీజీ వార్ధా నుంచి ఉత్తరం రాశారు. ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి చెక్కుతారు. ఎబొనైట్ అంటే గట్టిపడ్డ రబ్బరు, పట్టుకుంటే చల్లగా తగలదు, చెమట చేతిలో జారదు. ఆపిల్ మొదటి పెన్సిల్ మందం 8.9 మిల్లీమీటర్లు, బరువు 20.7 గ్రాములు, ఒళ్లంతా నున్నటి ప్లాస్టిక్. మే నెలలో కోనసీమ ఉక్కపోతలో అరచెయ్యి తడిసినప్పుడు తేడా తెలుస్తుంది. చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ తొడిగే పల్చటి గ్లౌజు దొరుకుతుంది, బొమ్మలు వేసేవాళ్లు వాడతారు. రాసేవాళ్లకీ అదే మందు.

ఒత్తిడి తెలిసే పెన్ను అందరికీ అవసరమా? లెక్కలు చెప్పడానికి అక్కర్లేదు. రెండు మూడు వేలలోపు దొరికే ఐప్యాడ్ పెన్నులు చాలావరకు అరచేతిని పట్టించుకోవు, ఒత్తిడిని కూడా పట్టించుకోవు. నోట్సుకి అవి హాయిగా సరిపోతాయి. కానీ నరసాపురంలో పుట్టిన బాపు గీతని చూస్తూ పెరిగిన పిల్లలు అలాంటి గీతే గీయాలనుకుంటే, ఎక్కడ లావవ్వాలో ఎక్కడ సన్నబడాలో చెయ్యి చెప్పగలగాలి. అలాంటి పిల్లలకి డబ్బు చూసుకుని ఒత్తిడి తెలియని పెన్ను కొనిపెట్టకండి. తమ చేతిలోనే లోపముందనుకుని బొమ్మలు మానేస్తారు.

మా మేనకోడలి ట్యాబ్‌లో తీగల వల ఉందని తేలింది. ఆ పద్ధతికే స్టెడ్లర్ పెన్సిల్ ఆకారంలో ఒకటి, లామీ ఫౌంటెన్ పెన్ను ఆకారంలో ఒకటి చేశాయి. రోజూ గంటల తరబడి రాసే మనిషి కదా, లావుపాటి లామీ తీసుకోమన్నాను. పెన్ను వచ్చాక మళ్లీ ఫోన్ చేసి, “పాళీ ఎప్పుడు మార్చాలి మావయ్యా?” అంది. గరుకు పొర మీద పాళీ తొందరగానే అరుగుతుంది. అరగడం వల్ల భయం లేదు. మొన ఒక పక్కకి ఏటవాలుగా అరిగి, ఆ అంచు గోటికి పదునుగా తగిలిందంటే మాత్రం ఆ రోజే మార్చేయాలి. లేకపోతే అది తెర మీది పొరని గీరేస్తుంది.