తాళం వేసిన ఇంటికి మళ్లీ వెళ్లాలి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నివేదిక దొరికితే నేను చివరి పేజీల నుంచి మొదలుపెడతాను. ముందున్న శాతాలు ఎలాగూ వార్తల్లో వస్తాయి. వాటిని ఎంతవరకు నమ్మవచ్చో వెనక అనుబంధాల్లోని పట్టికలు చెబుతాయి. వయసుల పట్టికే చూడండి. 30, 35, 40 దగ్గర జనం గుమిగూడతారు, 31, 39 దగ్గర పలచబడతారు. "నలభై ఉంటాయేమో, రాసుకో నాయనా" అన్న జవాబులన్నీ అక్కడ తేలతాయి. ఇంకో పాత జబ్బూ అక్కడే దొరుకుతుంది. ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లిని అడగాల్సిన ప్రశ్నలు బోలెడు. పొద్దుగూకే వేళ అలసిపోయిన చేయి నాలుగేళ్ల పది నెలల పిల్లవాడికి ఐదేళ్లు దాటించేస్తుంది.

ఈ పనిలో నాకు బాగా నచ్చే నియమం ఒకటుంది. ఊళ్లో ఇళ్లన్నీ రాసుకున్నాక లెక్క ప్రకారం 22 ఇళ్లు ఎంపిక చేస్తారు. అందులో ఒకదానికి తాళం ఉంటే పక్కింటికి వెళ్లకూడదు. మళ్లీ రావాలి. అప్పటికీ దొరక్కపోతే దొరకలేదనే రాయాలి. పక్కింటావిడ పిలిచి కాఫీ ఇచ్చినా ఆమె లెక్కలోకి రాదు. తలుపు తీసి ఉన్న ఇళ్లే చూసుకుంటూ పోతే, తెల్లారకుండానే కూలికి వెళ్లిన వాళ్లు దేశం లెక్కలోంచి జారిపోతారు.

1992-93లో మొదలై 2019-21 దాకా ఐదు విడతలు జరిగాయి. ఒకసారి అడిగినవారిని వెతుక్కుంటూ మళ్లీ వెళ్లరు, ప్రతిసారీ కొత్త ఇళ్లే. కాబట్టి ఒక విడతను ఇంకోదానితో కలిపి ఉంచేది మారని ప్రశ్న, మారని కొలత మాత్రమే. అవి మారుతూనే వచ్చాయి. మొదటి విడతలో నాలుగేళ్లలోపు పిల్లల్ని తూచారు, రెండోదాంట్లో మూడేళ్లలోపు, మూడోదాంట్లో ఐదేళ్లలోపు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల ప్రమాణాలు మార్చడంతో పాత అంకెలను పక్కపక్కన పెట్టాలంటే మళ్లీ లెక్కకట్టాల్సి వచ్చింది. తెలంగాణకు విడిగా అంకెలు 2015-16 నుంచే ఉన్నాయి. అంతకుముందటివి ఉమ్మడి రాష్ట్రానివి. అంతకంటే వెనక్కి వెళ్లి ఎవరైనా పోలిక చెబితే, ఎలా కుదిరిందని అడగండి.

రక్తహీనత సంగతే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. నాలుగో విడతలో 15-49 ఏళ్ల మహిళల్లో 53 శాతం, ఐదో విడతలో 57. ఐదేళ్లలోపు పిల్లల్లో 58.6 నుంచి 67.1కి పెరిగింది. వేలు గుచ్చి తీసిన చుక్కను ఇంటి గడపలోనే చిన్న యంత్రంతో కొలిచిన లెక్క ఇది. 2016-18లో సమగ్ర జాతీయ పోషకాహార సర్వే సిర నుంచి రక్తం తీసి చూస్తే ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 41 శాతమే తేలింది. అంత తేడా చూశాక ఆరో విడతలో రక్తహీనత పరీక్షనే తీసేశారు. ఆ పని సిర రక్తంతో చేసే వేరే సర్వేకు అప్పగించారు. దాన్ని నడిపేది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ.

సిర రక్తమే మేలని నేనూ ఒప్పుకుంటాను. పాత పద్ధతిని మాత్రం ఒక్కసారిగా వదిలేయాల్సింది కాదు. కొన్ని వేల ఇళ్లలోనైనా ఒకే మనిషికి ఒకే రోజున వేలి నుంచీ సిర నుంచీ తీసి చూసి, ఆ తేడాను ఆరో విడత నివేదికలోనే అచ్చువేసి ఉంటే, ఆ 57ను కొత్త కొలతలో ఎంతని చదవాలో తెలిసేది.