ఆనకట్ట ఎవరి ఆధిక్యానికి సాక్ష్యం?

కోనసీమలో సర్ ఆర్థర్ కాటన్ పేరు తలచని రైతు అరుదు. అమలాపురం, కొత్తపేట చేలకు ధవళేశ్వరం నుండే నీరు వస్తుంది. గన్నవరం వద్ద వైనతేయపై 49 కమానులతో ఆనాడు కట్టిన అక్విడెక్టు ఆ నీటిని రాజోలు వైపు నగరం లంకకు దాటించింది. ఈ కృతజ్ఞత న్యాయమైనదే. అయితే తెల్లజాతి పాలించింది గనుకనే ఈ సీమ పచ్చబడిందనే వాదం ఒకటి నేటికీ వినిపిస్తుంది. ఇది పరిశీలనకు నిలుస్తుందా?

ఉత్తర సర్కారులు 1766లో నిజాంతో కుదిరిన ఒప్పందం మేరకు కంపెనీ పరమయ్యాయి. ఆనకట్ట పని ఆరంభమైనది 1847లో, ముగిసినది 1852లో. నడుమ 80 ఏండ్లు గడిచాయి. 1833 నాటి ఘోర కరువు ఆ కాలంలోనిదే. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. శిస్తు కూడా తరిగిపోయాకనే కంపెనీ కళ్ళు తెరిచింది. ఉపకారానికి జాతిగుణమే మూలమైతే, ఆ గుణం అన్నేళ్ళు ఎక్కడ దాగినట్లు?

1835లో మెకాలే ప్రాచ్య విజ్ఞానమంతటినీ ఐరోపా గ్రంథాల ముందు తృణీకరించాడు. కాటన్ సాక్ష్యం దీనికి విరుద్ధం. లోతు తెలియని ఇసుకలో పునాది నిలిపే విద్యను ఈ దేశపు పూర్వుల కట్టడాల నుండే నేర్చుకున్నట్లు ఆయనే అంగీకరించాడు. ధవళేశ్వరంలో ఆయనకు కుడిభుజమైన వీణం వీరన్న తెలుగువాడే.

అయినా జాతివాదం ఆగలేదు. శాస్త్రం వేషం వేసుకొంది. ముక్కు కొలతను బట్టి కులం అంతస్తు తెలుస్తుందని రిజ్లీ ప్రతిపాదించాడు. మద్రాసు మ్యూజియం అధికారిగా పనిచేసిన థర్‌స్టన్ కూడా మనుషుల తలలు, ముక్కులు కొలిచి, 1909లో కులాలు, తెగలపై 7 సంపుటాలు వెలువరించాడు. ఆ ఊహను తరువాతి శాస్త్రమే త్రోసిపుచ్చింది.

ఇస్లాం తీర్పు స్పష్టం. తోటి మనుషుల మేలు మరచినవాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాజాలడన్నది దైవప్రవక్త (స) బోధ. కనుక కాటన్ మేలును ఒప్పుకోవలసిందే. కాని తెగలు, వంశాలు పరస్పర పరిచయం కొరకే; గౌరవానికి కొలబద్ద దైవభీతి ఒక్కటే (అల్ హుజురాత్: 13). మక్కా విజయం నాడు కాబాపై నుండి అజాన్ పలికినవారు అబిసీనియా సంతతి బిలాల్ (రజి).

ఈ కొలబద్ద స్వంత ఇంటివైపు కూడా తిరగాలి. తెల్లవాని జాతిగర్వాన్ని నిరసించే ముస్లిం, పొరుగునున్న దూదేకుల సోదరునితో వియ్యమందడానికి వెనుకాడితే, రిజ్లీ కొలత సాధనం అతని చేతిలోనే ఉన్నట్లు.