కత్తి కంటే గరిటె మేలు

పిల్లలకి కార్టూను పెట్టగానే మనం లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాం. ఆ అరగంటా వాళ్ళు కదలరు, మన పని మనకి తెములుతుంది. అందుకే కాబోలు, ఆ బొమ్మల్లో ఏం జరుగుతోందో మనలో చాలామందికి తెలియదు. గుద్దుకోవడం, దభీమని పడిపోవడం, కీచుగా నవ్వడం తప్ప ఇంకేం వుంటుంది లెద్దురూ అనుకుంటాం. కానీ ఒక్కొక్కప్పుడు ఆ గోల మధ్యనే, పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతి ఒకటి దొర్లిపోతుంది. అమెరికా హాస్య కార్టూను 'స్పాంజ్‌బాబ్ స్క్వేర్‌పాంట్స్'లో 'డన్సెస్ అండ్ డ్రాగన్స్' అనే భాగం అటువంటిది.

చూడని వాళ్ళ కోసం ముందు ఆ లోకం సంగతి కాస్త చెప్పుకోవాలి. ఈ కార్టూనుని సృష్టించిన స్టీఫెన్ హిల్లెన్‌బర్గ్ సముద్రజీవుల గురించి పాఠాలు చెప్పిన మాస్టారు. 1999లో ఇది టీవీలో మొదలైంది. ఆయన 2018లో పోయారు. సముద్రం అడుగున బికినీ బాటమ్ అనే ఊరు. అందులో నలుచదరపు స్పాంజి ముక్క మన స్పాంజ్‌బాబ్. ఉద్యోగం హోటల్లో వంట. అతను చేసే 'క్రాబీ పాటీ' అనే బన్ను కోసం ఊరు ఊరంతా పడి చస్తుంది. హోటలు యజమాని క్రాబ్స్ ఒక పీత, డబ్బంటే ప్రాణం. ఎదురుగా ప్లాంక్టన్ అనే చిటికెనవేలంత కూడా లేని శాల్తీకి మరో హోటలుంది. అక్కడికి పురుగు కూడా రాదు. కాబట్టి క్రాబీ పాటీలో ఏం కలుపుతారో ఆ రహస్యం దొంగిలించడమే అతని జీవితాశయం.

2006 ఫిబ్రవరిలో వచ్చిన ఈ భాగం మామూలు కథలకంటే రెట్టింపు నిడివి. పేరులోనే వేళాకోళం వుంది. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అని 1974లో అమెరికాలో పుట్టిన ఆట ఒకటి వుంది: అందరూ బల్ల చుట్టూ కూర్చుని మంత్రగాళ్ళుగా, వీరులుగా పాత్రలు ధరించి ఆడతారు. అందులో చెరసాలల చోట 'మొద్దు వెధవలు' అనే మాట పెడితే ఈ పేరు వచ్చింది. మొద్దులెవరో చెప్పాలా? స్పాంజ్‌బాబూ, అతని ప్రాణస్నేహితుడు పాట్రిక్ అనే నక్షత్రచేపానూ.

అమెరికాలో 'మెడీవల్ టైమ్స్' అనే భోజనశాలలున్నాయి. అక్కడ మొదటిది 1983లో ఫ్లోరిడాలో తెరిచారు. మధ్యయుగపు కోటలో కూర్చున్నట్లు కూర్చుని, ముళ్ళగరిటెలూ అవీ లేకుండా చేత్తో తింటూ, గుర్రాలెక్కిన వీరులు ఈటెలతో తలపడుతుంటే చూడాలి. (చేత్తో తినడం కూడా ఒక వింతేనా అని మనకి నవ్వు వస్తుందనుకోండి!) అటువంటి చోటుకే మన మొద్దులిద్దరూ వెళ్ళి సముద్రపు గుర్రాలెక్కుతారు. అవి విసిరిన విసురుకి శతాబ్దాల వెనక్కి పోయి రాజులనాటి బికినీ బాటమ్‌లో పడతారు.

అక్కడ చూస్తే అంతా తెలిసిన మొహాలే. యజమాని క్రాబ్స్ పోలికతో రాజుగారు. ఆయన కూతురు పెర్ల్ పోలికతో రాజకుమారి. తన సంగీతం ఎవరూ వినడం లేదని ఎప్పుడూ ఏడుస్తుండే స్క్విడ్‌వర్డ్ పోలికతో చెరసాలలో ఒక విదూషకుడు. ప్లాంక్టన్ పోలికతో దుష్ట మాంత్రికుడు ప్లాంక్టనామోర్. గొంతులు కూడా ఆ నటులవే. కిరీటాలు మారతాయి, యుగాలు మారతాయి, యజమాని యజమానే, పనివాడు పనివాడే అన్న చురక ఇందులో వుంది. పిల్లలకది పట్టకపోయినా ఉద్యోగాలు చేసే మనకి పట్టకపోదు.

మాంత్రికుడు రాజకుమారిని ఎత్తుకుపోతాడు. ఆమెను విడిపించే పని ఈ మొద్దుల నెత్తిన పడుతుంది. దారిలో నల్ల కవచం తొడుక్కున్న యోధుడొకరు అడ్డం వస్తే స్పాంజ్‌బాబ్ కరాటేతో ఎదుర్కొంటాడు. తీరా చూస్తే కవచం లోపల వున్నది ఆడమనిషి, స్పాంజ్‌బాబ్ స్నేహితురాలైన ఉడుత శాండీ పోలిక. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఇక్కడ నాకు ముచ్చటేసింది. ఒక ఆడపిల్ల గోపురంలో బందీగా వుంటే మరొకామె కత్తి పట్టుకు నిలబడింది. ఆమె తర్వాత వీళ్ళ పక్షాన చేరుతుంది కూడా. పాపం రాజకుమారికి మాత్రం పాత కథల్లోలాగే ఎదురుచూడటం తప్ప ఇంకో పని ఇవ్వలేదు.

అసలు ఘట్టం డ్రాగన్‌ది. ఆ డ్రాగన్ ఒక మహాకాయపు జెల్లీచేప. తన లోకంలో స్పాంజ్‌బాబ్‌కి ఇష్టమైన ఆట ఏమిటో తెలుసా? వల పట్టుకుని జెల్లీచేపల వెంట పరుగెత్తి పట్టుకోవడం, ముద్దుచేసి వదిలెయ్యడం. అతని సరదాయే కొండంత పెరిగి నిప్పులు కక్కుతూ ఎదురొచ్చిందన్నమాట. దాన్ని అతను చంపడు. దానికి దొరికింది ఒక క్రాబీ పాటీ. తిన్నది. మెచ్చింది. ఆనక పెంపుడు జంతువులా వెంట తిరిగింది!

మనకి బకాసురుడి కథ తెలుసు కదా. ఏకచక్రపురం వాళ్ళు బండెడు అన్నం పంపితే, భీముడు దాన్ని రాక్షసుడి కళ్ళముందే తాను లాగించి, ఆ తర్వాత వాణ్ణి చంపాడు. పిల్లలు ఇప్పటికీ పడీపడీ నవ్వే కథ. ఆ భీముడే విరాటుడి కొలువులో వలలుడై గరిటె పట్టాడు, కాబట్టి వంటవాడు వీరుడు కావడం మనకి కొత్త కాదు. కొత్త ఎక్కడుందంటే, తిండి చెయ్యగల పనిని తిండికే వదిలెయ్యడంలో. ఆకలేసి అరిచేవాడికి ముందు అన్నం పెట్టి చూడమన్నది ఏ వీరగాథలోనూ వ్యూహం కాదు. మన ఇళ్ళల్లో మాత్రం రోజూ అదే వ్యూహం. చిరాకుతో ఇంటికొచ్చిన మొగుణ్ణీ, పేచీకి దిగిన పిల్లాణ్ణీ ఎన్నిసార్లు అలా దారికి తెచ్చుకోలేదు? కాకపోతే దానికి భోగట్టా లేదు, బిరుదూ లేదు.

అంతవరకూ బాగుంది. ఈ కథతో నా తగువు ఆ తర్వాతే.

మాంత్రికుడు చివరికి ఓడిపోతాడు. కథ కంచికి పోయింది, మంచిదే. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. ఈ ప్లాంక్టన్ అనేవాడు మొదటినుంచీ ఏడుస్తున్నది దేనికి? ఆ బన్ను కోసమేగా! వందల కథల్లో వాడు వేసిన వేషాలన్నీ, పన్నిన పన్నాగాలన్నీ దానికేగా! నిప్పులు కక్కే మృగానికి దొరికిన ముద్ద, మాట్లాడే శత్రువుకి ఎందుకు దొరకలేదు? మృగమైతే జాలి, పోటీదారుడైతే శిక్ష. ఇదేం న్యాయం? హాస్యం కోసం రాసినవాళ్ళు ఇంత దూరం ఆలోచించలేదంటారా? ఆలోచించి వుంటే కథ ఇంకా నవ్వొచ్చేది. మంత్రదండం ఒక చేత్తో, బన్ను ఒక చేత్తో పట్టుకుని, ఏది వదలాలో తెలియక తికమకపడే ప్లాంక్టనామోర్‌ని ఊహించుకోండి!

తప్పు పట్టినా కథని కాదనను. కోటలూ, కత్తులూ, రాకాసులూ వున్న కథ ఏదైనా సరే, పిల్లవాడి చేత మొదట పట్టించేది కర్ర కత్తే. ఈ కథ మాత్రం ఒక వంటవాణ్ణి చూపించి, వీడు తన పనిని ప్రేమించాడు, అదే వీడి ఆయుధం అంటుంది. మిగిలిపోయిన ప్రశ్నని మనమే పిల్లల ముందు పెట్టవచ్చు: "ఆ మాంత్రికుడికి కూడా ఒకటి పెట్టి వుంటే ఏమయ్యేదిరా?" పిల్లలు చెప్పే జవాబులు ఒక్కోసారి కథ రాసినవాళ్ళవి కంటే మిన్నగా వుంటాయి. అందుకోసం ఆ అరగంటలో ఒక పది నిమిషాలు స్టవ్ తగ్గించి వచ్చి పక్కన కూర్చున్నా నష్టం లేదు.