పుట్టె చూచిన నీలిపండ్ల యడవి

స్వీడను దేశపు రచయిత్రి ఎల్సా బెస్కో 1901వ సంవత్సరమున ప్రకటించిన యొక బొమ్మల పుస్తకమును ఈ నెలలో మేము ఇంటిల్లిపాదియు గూర్చుండి చదివితిమి. దాని పేరును ‘నీలిపండ్ల యడవిలో పుట్టె సాహసములు’ అని తెనిగింపవచ్చును. పుట్టె యనునది బాలుని ముద్దుపేరు. అది వినగానే మా పిల్లలు “ఎవరు పుట్టిరి?” అని నవ్విరి. ఆంగ్లానువాదములలో నతడు పీటరైనాడు. మూలము పద్యరూపమున నున్నది; మేము చదివినది ఇంగ్లీషు పుస్తకమే గాన ఆ పద్యముల నడక మాకు దక్కలేదని ముందుగనే యొప్పుకొనుచున్నాము.

కథ మిక్కిలి చిన్నది. తల్లి పుట్టినదినమునకు కానుకగా నిచ్చుటకై పుట్టె రెండు బుట్టలు చేతబట్టుకొని యడవికి బోవును. ఒకటి నీలిపండ్లకు, రెండవది ఎఱ్ఱని లింగను పండ్లకు. ఎంత వెదకినను ఒక్క పండును గానరాదు. మోడుమీద గూర్చుండి యేడ్చును. అంతలో గడ్డముగల యొక చిట్టి ముసలివాడు కాలియొద్ద నిలుచును. అతడు నీలిపండ్ల రాజు. తన కఱ్ఱతో దాకగా బాలుడును అంగుష్ఠమాత్రు డగును. మోకాలెత్తు పొదలు మహావృక్షములగును. రాజుగారి యేడుగురు కొడుకులు నీలిదుస్తులతో వచ్చి బుట్ట నింపుదురు. పిమ్మట నందఱును ఎలుకలనెక్కి లింగనమ్మ యింటికి బోవుదురు. ఆమె యైదుగురు కుమార్తెలు ఎఱ్ఱదుస్తులవారు. అచ్చట రెండవ బుట్టయు నిండును. సాలెగూడే ఉయ్యాల యగును. తుదకు బాలుడు వెనుకటి పొడవుతో మోడుమీదనే యుండును. బుట్టలు మాత్రము నిండియుండును.

ఇరువది యేండ్లుగా బడిలో నే కథ ముగిసినను “దీనివలన నేమి నేర్చుకొంటిరి?” అని యడుగుట మా యలవాటు. ఈ పుస్తకము మూయగనే అలవాటుచొప్పున నోరు తెఱచితిమి, అడుగుటకేమియు దొరకలేదు. ఏలయన, ఈ బాలుడు ముందుగా నే సత్కార్యమును జేసినవాడు కాడు. చీమను నీటినుండి తీయలేదు, ముసలమ్మకు రొట్టె పెట్టలేదు. మన కథలలోను ఐరోపా కథలలోను దయ సాధారణముగా నప్పువంటిది. ముందిచ్చినవానికి వడ్డీతో ముట్టును. పిల్లలకు దయ నేర్పుచున్నామనుకొని మేమిన్నాళ్లు నేర్పినది లెక్కలేమో యని యిప్పుడు సంశయము గలుగుచున్నది. పుట్టె చేసినది ఏడ్చుట మాత్రమే. అక్కఱ యున్నదన్న యొక్క కారణమే రాజునకు జాలినది.

ఇంకొక విశేషము. రాజు తలచినచో కఱ్ఱ యాడించి బుట్టలను నింపవచ్చునుగదా? అట్లు చేయడు. ఆ మాయ పండ్లమీద గాక బాలుని పొడవుమీద మాత్రమే పనిచేసినది. పండ్లను పిల్లలు చేతులతోనే కోయవలసివచ్చినది. బాలుడు చిన్నవాడైనందుననే వారితో గలిసి తిరుగగలిగెను. బంగారమును, రాజ్యమును ఈ కథలో నెవ్వరును ఈయరు.

అడవిలో పండు కోసినందుకు రాక్షసుడు కోపించుటయో, శాపము దగులుటయో కథలలో మనకు బరిచితము. ఇచ్చట రాజునకు గోపమే లేదు. స్వీడనులో అడవి యెవరిదైనను అందు తిరిగి, తానుగా బెరిగిన పండ్లను గోసికొనుటకు సర్వజనులకును హక్కు గలదు. 1994లో దాని నారాజ్యాంగమునను బేర్కొనిరి. అట్టి దేశమున బండ్లకై పోయిన బాలుడు దొంగ కాడు, అతిథి.

బెస్కో (1874–1953) స్టాకుహోములో అన్నా విట్లాకు నడిపిన పాఠశాలలో చిత్రలేఖనము బోధించినది. ఆ శ్రద్ధ ప్రతిపుటయందును గానవచ్చును. అడ్డముగా వెడల్పైన పుటలలో నాచును, ఆకును, పండును ఎదుట బెట్టుకొని గీసినట్లున్నవి. మాయ యంతయు నడచుచున్నను మొక్క మొక్కగనే యున్నది. పిల్లలు నమ్ముటకు గారణ మిదియే యని మా యభిప్రాయము.

ఒక లోపము చెప్పక తప్పదు. మగపిల్లలందఱు తండ్రియొద్ద, ఆడుపిల్లలందఱు తల్లియొద్ద వేఱువేఱు వనములలో నున్నారు. ఆటలో గలిసినను, సాహసమునకు బయలుదేరినవా డెల్లప్పుడును బాలుడే. పండ్లకు బోయినది పుట్టెయొక్క చెల్లెలైన నేమి నష్టమని మా యమ్మాయి యడిగినది. మేము బదులు చెప్పలేకపోతిమి.

అంతటితో నూరకుండక ఆమె “నాయనమ్మా, నీ పుట్టినరోజెప్పుడు?” అని మా తల్లిగారి నడిగినది. “తేదీ ఎవరు రాశారే తల్లీ? అట్లతద్ది వెళ్లిన మూడోనాడని మా అమ్మ చెప్పేది” అని వారు బదులిచ్చిరి. స్త్రీల గౌరవమును గూర్చి మేము సభలలో నెన్నియో మాటలాడియున్నాము. నలువది దాటినను ఈ యొక్క ప్రశ్నను మాత్రము మా తల్లి నెన్నడును అడిగి యుండలేదు. పిల్లలు పంచాంగము తెచ్చి లెక్కవేసి, గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టిరి.

ఈ పుస్తకమును తెనిగించువారికి పండు పేరే మొదటి చిక్కు. నేరేడందుమా, అది పెద్ద చెట్టు. బాలుడు మామూలు పొడవున నున్నప్పుడే తలమించి యుండును, ఇక చిన్నవాడగుటలో వింత యేమి? పొద గావలెనన్నచో కలివిపండున్నది, రంగును గుదురును. కాని యా ముండ్లలో రాజకుమారులు పరుగెత్తజాలరు. నీలిపండనియే యుంచి, మిగిలినది బొమ్మను జూచి తెలిసికొండనుట మేలని మాకు దోచుచున్నది. చెఱువుగట్టున గలివిపండ్లు కోసి, చేతులు గీరుకొని, తన తల్లికి గొంగున గట్టి తెచ్చిన మా తల్లిగారు మాత్రము అది కలివిపండే కావలెనని పట్టుపట్టుచున్నారు.