వేషం కట్టించే ఆటలు

ఎండలు ముదిరాయంటే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో భారతాల కాలం. కుప్పం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె చుట్టుపక్కల ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. చాలాచోట్ల పద్దెనిమిది రోజుల పండగ. బకాసుర వధ, ద్రౌపది కల్యాణం, అర్జున తపస్సు, ఉత్తర గోగ్రహణం, దుర్యోధన వధ, చివరకు అగ్నిగుండం. కథ ఎటు తిరుగుతుందో తెలియనివాళ్లు ఆ మైదానంలో ఉండరు. అయినా జనం విరగబడి వస్తారు.

అర్జున తపస్సు రోజున తాటిచెట్టంత ఎత్తున తపస్సు మాను నిలబెడతారు. అర్జున వేషధారి పద్యాలు పాడుకుంటూ దాన్ని ఎక్కుతాడు. కింద, సంతానం కోరుకునే ఆడవాళ్లు తడిబట్టలతో వరపడి ఉంటారు. పైనుంచి అతను విసిరే విభూతి కోసం, నిమ్మకాయల కోసం కొంగులు చాస్తారు. అంతసేపూ అతను డబ్బులకు ఆడ వచ్చిన కళాకారుడు కాడు. అతను ఆ ఘట్టాన్ని నియమంగా నడిపితే ఊరికి మేలు జరుగుతుందని అందరి నమ్మకం. కథ తెలిసి ఉండాలి, దాన్ని ఒంటిమీదికి తెచ్చుకుని మళ్లీ నడపాలి, దాని ఫలం పదిమందికీ అందాలి. వేషం కట్టడమంటే ఏమిటో నాకు నేర్పింది ఆ మైదానమే.

వీడియో గేమ్స్‌లో నాకు ప్రాణమైనవి రోల్ ప్లేయింగ్ గేమ్స్. ఆడేవాళ్లు ఆర్‌పీజీలంటారు. ఒక పాత్రను మన చేతికిచ్చి, ఆ పాత్రగా మాట్లాడమని, నిర్ణయాలు తీసుకోమని, వాటి మంచిచెడ్డలు మోయమని అడిగే ఆటలివి. మన కుర్రాళ్ల ఫోన్లలో ఎక్కువగా ఉండేవి బీజీఎంఐ, ఫ్రీ ఫైర్. మంచి కంప్యూటర్ ఉన్న పిల్లలైతే విచర్, ఎల్డెన్ రింగ్ పేర్లు చెబుతారు. గొప్ప ఆటలే, వాటి గురించి చెప్పడానికి లోకమంతా ఉంది. నేను చెప్పదలిచింది ఎవరి కంటా పడకుండా పక్కకు జరిగిపోయిన ఆటల గురించి. భారతం మైదానం నేర్పిన కొలతతో చూస్తే, మనచేత నిజంగా వేషం కట్టించే ఆటలు నాకు ఎక్కువగా అక్కడే దొరికాయి.

వాటిలో మొదటి పీట కింగ్ ఆఫ్ డ్రాగన్ పాస్‌ది. 1999లో ఎ షార్ప్ అనే చిన్న అమెరికన్ సంస్థ దీన్ని తయారుచేసింది. గ్రెగ్ స్టాఫర్డ్ 1960లలోనే ఊహించడం మొదలుపెట్టిన గ్లోరాంథా అనే లోకంలో కథ జరుగుతుంది. పరుగెత్తే బొమ్మలుండవు. చేత్తో గీసిన ఒక చిత్రం, దాని పక్కన కొద్దిపాటి కథ, ముందుకు వెళ్లడానికి నాలుగైదు దారులు, అంతే. ఇందులో మీరు ఒక వీరుడు కాదు, ఒక తెగ మొత్తం మీరే. ఏడుగురు పెద్దలు కూర్చుని తలా ఒక సలహా చెబుతారు. ఒక్కొక్కరి సలహాలో వాళ్ల స్వభావం, వాళ్లు కొలిచే దేవుడి స్వభావం కనిపిస్తాయి. నాయకుడు చనిపోతే ఆట ఆగదు. కొత్త పెద్దను కూర్చోబెట్టుకుని తెగ ముందుకు సాగుతుంది.

ఆ తెగల సంపదకు లెక్క ఆవులు. పెళ్లికి ఆవులు, పరిహారానికి ఆవులు, దేవుడికి ఆవులు. పక్క తెగవాళ్లు రాత్రికి రాత్రి మందను తోలుకుపోతారు, పగ మొదలవుతుంది. పొట్టి పుంగనూరు ఆవు పేరు చెప్పుకుని మురిసే మనకు, ఉత్తర గోగ్రహణం చూస్తూ పెరిగిన మనకు, ఆవు పోతే ఊరి పరువు ఎందుకు పోతుందో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఇంకొకటి. ఈ ఆటలో తెగకు కష్టకాలం వస్తే ఒకరిని ఎంచుకుని దేవతల కథలోకి పంపిస్తారు. వెళ్లినవాళ్లు ఆ దేవుడి వేషంలో, ఆ దేవుడు ఒకప్పుడు నడిచిన దారినే నడవాలి. ప్రతి మలుపులో ప్రశ్న ఎదురవుతుంది: ఇక్కడ దేవుడు ఏం చేశాడు? పురాణం ముందే చదివి మనసులో పెట్టుకుంటేనే సరైన అడుగు పడుతుంది. నెగ్గి తిరిగొస్తే పంటకో, పశువుకో, తెగ బలానికో వరం దక్కుతుంది. ఓడితే వెళ్లిన మనిషి గాయాలతో వస్తాడు, లేదా రాడు. మొదటిసారి ఈ ఘట్టం ఆడినప్పుడు నాకు తపస్సు మాను గుర్తుకొచ్చింది. అమెరికాలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లూ, మన పల్లెల్లో భారతం ఆడించే పెద్దలూ ఒకరినొకరు ఎరగరు. ఇద్దరూ చేరింది మాత్రం ఒకే సత్యానికి. తెలిసిన కథను నియమంగా మళ్లీ నడిపితే అది ఊరిని నిలబెడుతుంది.

వచ్చిన కొత్తలో ఈ ఆటను కొన్నవాళ్లు తక్కువ. 2011లో ఐఫోన్‌కు వచ్చాక కొత్త తరం చేరింది. 2018లో సిక్స్ ఏజెస్ పేరుతో అదే లోకంలో మరో ఆట వచ్చింది. మంచి కథకు కాలదోషం పట్టదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

రెండోది మన దేశపు ఆట. పేరు అన్‌రెస్ట్. పైరోడాక్టిల్ అనే చిన్న భారతీయ స్టూడియో చందాలు పోగుచేసుకుని 2014లో విడుదల చేసింది. ప్రాచీన భారతాన్ని పోలిన కరువు రాజ్యం, దాని పేరు భీమ్రా. ఇందులో లోకాన్ని కాపాడే వీరుడు లేడు. ఒక అధ్యాయంలో మీరు ఇష్టంలేని పెళ్లి మీదికొస్తున్న పల్లెటూరి పిల్ల. మరో అధ్యాయంలో మరొకరు, మరో గడప. ఎదుటివాళ్లు మీ పట్ల ఎంత స్నేహంగా ఉన్నారు, ఎంత గౌరవిస్తున్నారు, ఎంత భయపడుతున్నారు అని మూడు లెక్కలు కనిపిస్తుంటాయి. కత్తి తీసే అవకాశం అరుదు, తీసినా బతికి బయటపడతామన్న నమ్మకం లేదు. ఒక పాత్ర చనిపోయినా కథ మిగతావాళ్లతో సాగిపోతుంది. ఆ పిల్లగా ఇంట్లోవాళ్లతో మాట్లాడుతున్నప్పుడు, ఏ మాట అంటే ఎవరు నొచ్చుకుంటారో, ఎవరి నోరు మూతపడుతుందో ఆలోచించి ఆలోచించి మాట కలపాలి. కరువు తెలిసిన సీమవాళ్లకు ఆ ఇంటి వాతావరణం పరాయిది కాదు. బొమ్మలు సాదాగా ఉంటాయి, ఆట చిన్నది. అందుకే చాలామంది దాటి వెళ్లిపోయారు. అందులో పడిన శ్రమ మాత్రం పెద్దది.

మూడోది దురదృష్టానికి చిక్కిన ఆట. వాంపైర్: ది మాస్కరేడ్ బ్లడ్‌లైన్స్. ట్రోయికా అనే సంస్థ చేసిన ఈ ఆట 2004 నవంబరు 16న వచ్చింది. అదే రోజు హాఫ్ లైఫ్ 2 విడుదలైంది. లోకం చూపంతా అటు తిరిగింది. పైగా ఆటలో బోలెడు లోపాలు. మరుసటి ఏడాదికల్లా ట్రోయికా మూతపడింది. ఆ తర్వాత ఆటను బతికించింది అభిమానులు. ఏళ్ల తరబడి సొంత సమయం వెచ్చించి ఒక్కో లోపాన్ని సరిదిద్దుతూ వచ్చారు. అంత ప్రేమ ఎందుకంటే, ఇందులో మీరు ఎంచుకున్న రక్తపిశాచి వంశాన్ని బట్టి నగరం మొత్తం మీతో వేరుగా మసలుతుంది. నాస్ఫెరాటు వంశం ఎంచుకుంటే మీ రూపం మనుషుల కంట పడకూడదు, మురుగు కాలువల వెంట తిరగాలి. మాల్కేవియన్ అయితే మీ మాటే మారిపోతుంది, మతి చలించిన జ్ఞానిలా మాట్లాడతారు, ఒకచోట రోడ్డు పక్క బోర్డుతో కూడా తగాదా పెట్టుకుంటారు. ఒకే కథ, వేషం మారితే లోకం మారుతుంది. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం కట్టినవాళ్లను వీధి ఎలా పలకరిస్తుందో చూసినవాళ్లకు ఈ మర్మం వెంటనే అందుతుంది. ఈ ఆట పెద్దలకు మాత్రమే, పిల్లల చేతికి ఇవ్వకండి.

పిల్లలతో కలిసి ఆడాలంటే మూన్ ఉంది. జపాన్‌లో 1997లో లవ్ డి లిక్ అనే బృందం చేసింది. ఒక పిల్లాడు టీవీలో వీరుడి ఆట ఆడుతూ ఆ లోకంలోకే జారిపోతాడు. అక్కడికెళ్లి చూస్తే, తాను ఇందాకటి దాకా నడిపించిన వీరుడు దొరికిన ప్రాణినల్లా చంపుకుంటూ పోతున్నాడు. పిల్లాడి పని ఆ ప్రాణుల ఆత్మలను వెతికి విముక్తి చేయడం, ఊళ్లోవాళ్ల చిన్నచిన్న కష్టాలు తీర్చడం. అలా ప్రేమ కూడబెట్టుకునే కొద్దీ ఎక్కువసేపు మేలుకుని తిరిగే శక్తి వస్తుంది. చంపితే బలం పెరగడం అలవాటైన ఆటల మధ్య ఈ ఆలోచన ఎంత సాహసమో, ఆర్‌పీజీలు ఆడిన ఎవరినైనా అడగండి. దీనికి అధికారిక ఇంగ్లీషు రూపం 2020లో గానీ రాలేదు. అంతవరకూ జపనీస్ రానివాళ్లు దీని గురించి వినడమే తప్ప ఆడింది లేదు.

ఇంటి దగ్గరి ఆట ఒకటి చెప్పకపోతే మనసొప్పదు. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో అసుర అనే ఆట తెచ్చింది. మన పురాణాల రంగులు, మన సంగీతపు ఛాయలు, కథానాయకుడు అసురుడు. ఇది ఎక్కువగా కత్తియుద్ధపు ఆటే. కానీ పాత్రకు శక్తులు పెంచుకునే దారి ఆడిన ప్రతిసారీ కొత్తగా అల్లుకుంటుంది. నిన్నటి ఎత్తుగడ ఇవాళ పనికిరాదు. తెలుగు నేల మీద కూర్చున్న కొద్దిమంది ఇంత పని చేసి చూపించారు. అందుకైనా దీన్ని కొని ఆడాలి.

ఈ ఆటలు మరుగున పడటానికి కారణాలు వెతికితే అవి చాలావరకు ఆట బయటివే. ప్రచారానికి డబ్బు లేకపోవడం, పెద్ద ఆట పక్కన విడుదల కావడం, బొమ్మల మెరుపు తక్కువ కావడం, అన్నిటికీ మించి భాష. ఇవి చాలావరకు చదివి ఆడే ఆటలు. ఇంగ్లీషు తడుముకునే పిల్లాడు కింగ్ ఆఫ్ డ్రాగన్ పాస్ ముందు అరగంట కూర్చోలేడు. ఆ పిల్లాడికి కథ అర్థం కాక కాదు. పద్దెనిమిది రోజుల భారతం తలలో పెట్టుకుని పెరిగినవాడు వాడు. వాడికి అడ్డం ఆ ఇంగ్లీషు వాక్యాలే.

ఈ అడ్డు తీయలేనిది కాదు. లైవ్ ఎ లైవ్ అనే జపనీస్ ఆర్‌పీజీ 1994లో వచ్చింది. దానికి అధికారిక ఇంగ్లీషు రూపం 2022 దాకా లేదు. ఈలోపు అభిమానులే కూర్చుని అనువదించుకుని ఆడుకున్నారు. మనమెందుకు చేయకూడదు? 1919లో రవీంద్రుడు జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చుకున్నది మదనపల్లె బిసెంట్ కాలేజీలో ఉన్నప్పుడే. ద్రావిడ భాషల కోసమే 1997లో విశ్వవిద్యాలయం వెలిసింది కుప్పంలో. తెలుగు, తమిళం, కన్నడం ఒకే సంతలో వినిపించే ప్రాంతం మనది. కోడింగ్ నేర్చిన ఇంజినీరింగ్ విద్యార్థి, తెలుగు ఎమ్మే చదివే విద్యార్థి కలిసి అన్‌రెస్ట్ లాంటి చిన్న ఆట తయారుచేసినవాళ్లకు ఉత్తరం రాసి, అనుమతి అడిగి, తెలుగు చేయడం మొదలుపెట్టవచ్చు. పెద్ద సంస్థలకన్నా చిన్న స్టూడియోలే ఇలాంటి మాట చెవిన వేసుకుంటాయని నా నమ్మకం.

అక్కడితో ఆగనూ వద్దు. హార్స్‌లీ హిల్స్‌కు ఆ పేరు కడప కలెక్టర్‌గా ఉన్న డబ్ల్యూ.డి. హార్స్‌లీ వల్ల వచ్చింది. అంతకుముందు నుంచీ అది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల మధ్య పెరిగి, కొండ మీది జనానికి రోగమొస్తే నయం చేసి, ఒకనాడు కనిపించకుండా పోయిందని చెప్పే మల్లమ్మ కథలో ఒక ఆర్‌పీజీకి కావలసినవన్నీ ఉన్నాయి. ఆమె ఎవరికి ముందు వైద్యం చేస్తుంది? ఏనుగులకూ మనుషులకూ పోరు వస్తే ఎటు నిలబడుతుంది? ఎందుకు వెళ్లిపోతుంది? ఈ ప్రశ్నలను ఆడేవాళ్ల చేతిలో పెట్టే ఆట వస్తే, దాని ముందు వందల కోట్ల ఆట కూడా చిన్నబోతుంది. అలాంటిది చేయాలంటే ముందు మంచివి ఆడి ఉండాలి. పద్యం పాడేవాడు ముందు పద్యం వింటాడు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా మాట ఇది. ఖరీదైన కంప్యూటర్ కొనకండి. కింగ్ ఆఫ్ డ్రాగన్ పాస్ ఫోన్‌లో కూడా నడుస్తుంది, అన్‌రెస్ట్‌కు పాత ల్యాప్‌టాప్ చాలు. ధర తగ్గించి అమ్మే రోజులు ఏడాదిలో చాలాసార్లు వస్తాయి, అప్పుడు కొనండి. దొంగ కాపీల జోలికి పోకండి, చిన్నవాళ్ల శ్రమకు ప్రతి రూపాయీ లెక్కే. ఎలా గెలవాలో చెప్పే వీడియోలు ముందే చూడకండి. తప్పు నిర్ణయం తీసుకున్నా వెనక్కి తిప్పి మళ్లీ ఆడకండి, దాని ఫలం అనుభవించండి. ఇంగ్లీషు ఇబ్బందిగా ఉంటే చదివి చెప్పే ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి నిర్ణయించండి. తెగ కథ ఇద్దరుగా ఆడితే ఇంకా బాగుంటుంది. ఆడి చూసి, మీ తెగ ఎందుకు నిలబడిందో, ఎక్కడ చెదిరిందో నాకు రాయండి. మల్లమ్మ ఆటను ఎవరైనా కాగితం మీదైనా మొదలుపెడితే, ఆ ఉత్తరం కోసం మరింతగా ఎదురుచూస్తాను.